ఈశాన్యంలో ఏసీ

ఏసీ కరెంటు తాగేస్తుందన్న మాట అబద్ధం కాదు. పలాసలో ఆ మాట మీద గంటసేపు ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి నేనే. కానీ దానితోపాటు మన మూఢనమ్మకం కూడా ఎంత తాగుతుందో అక్క ఇంట్లోనే చూశాను.

అక్కది ఉద్దానంలో జీడితోటల మధ్య ఊరు. కిడ్నీలు పాడయ్యాయి. టెక్కలిలో డయాలసిస్ చేయించుకుని వచ్చాక, మధ్యాహ్నం రెండు గంటలు కన్ను మూతపడితేనే సాయంత్రానికి లేచి కూర్చోగలదు. ఎండాకాలం ఆ స్లాబు గది పొయ్యే. అందుకే బావ ఏసీ కొన్నాడు. మొదటి బిల్లు రాగానే పగలు వేయొద్దన్నాడు.

నేను వెళ్లేసరికి అక్క తడి తువ్వాలు గుండెల మీద వేసుకుని, కళ్లు తెరుచుకునే పడుకుంది.

ఏసీ బయటి యూనిట్ ఎక్కడుందా అని ఇల్లంతా చుట్టాను. నైరుతి మూలన, ఇంటి గోడకీ జీడిపిక్కల గదికీ మధ్య, మనిషి పక్కకి తిరిగితే గాని దూరలేని సందులో ఉంది. పడమటి ఎండంతా దాని మీదే. అది ఊదిన వేడిగాలి ఎదురు గోడకు కొట్టుకుని మళ్లీ దానిలోకే వస్తోంది.

"ఇక్కడెవరు పెట్టమన్నారు బావా?"

"వాస్తు సూసినాయన. బరువు నైరుతిలో ఉండాల. ఈశాన్యంలో పెడితే ఇల్లాలికి ఆపదట."

"లోపల ఇల్లాలు ఉడికిపోతంది. అది ఆపద కాదేటి?"

"నీకు దేవుడూ లేడు, దిక్కూ లేదు. నీతో ఏటి మాట్లాడతాం మేస్టారూ!"

మాటలతో తేలదని మీటరు దగ్గరికి నడిచాను. ఆ మధ్యాహ్నం మూడు గంటలసేపు ఇరవై ఆరు డిగ్రీల మీద ఏసీ వేయించి, లెక్క దానిదే రావాలని ఫ్రిజ్ ప్లగ్గు కూడా పీకేశాను. పాలు విరిగితే నీదే పూచీ అని అక్క తిట్టింది. మీటరు ఐదు యూనిట్లు తిరిగింది. ఇప్పుడు ఆ బయటి యూనిట్‌ను సముద్రపు గాలి ఆడే ఈశాన్యానికి మార్చి మళ్లీ కొలుద్దామన్నాను. బావ ససేమిరా అన్నాడు.

"అరిష్టం వత్తే నా మీదకే రానీండి," అంది అక్క.

నేను దానికీ ఒప్పుకోలేదు. లేనిదాన్ని నీ మీదికెందుకు పిలుచుకుంటావన్నాను.

"ఒరే, నువ్వు గెలవడం తరవాత. ముందు మెకానిక్కుని పిలు."

మర్నాడు పొద్దున్నే బయటి యూనిట్ ఈశాన్యానికి మారింది. ఫ్రిజ్ ఆపి, అదే వేళకి, అంతే సేపు వేశాం. మూడున్నర యూనిట్లు.

"మబ్బేసుంతాది," అన్నాడు బావ.

ఆ మరుసటి రోజు మబ్బు తునక లేదు. మళ్లీ మూడున్నరే. బావ ఒప్పుకున్నాడని రాయలేను. "మూణ్ణెల్లు పోనీ, ఏటవుద్దో సూద్దాం," అన్నాడు. వాస్తుకి మూణ్ణెల్ల గడువు ఇచ్చే మనిషి, పెళ్లాం నిద్రకి ఒక్క మధ్యాహ్నం ఇవ్వడానికి ఇంత పోరు పెట్టాడు! అలాంటి నమ్మకానికి నేను మర్యాద ఇవ్వను. ఆ మాటే బావ మొహం మీద అన్నాను. ఆయన గొంతు లేచింది, నాదీ లేచింది.

అక్క గుమ్మంలోకి వచ్చింది.

"మీటరు మీరిద్దరూ సూసుకోండి. నాను పడుకుంతాను," అని తలుపేసుకుంది.