ఐసుబండి ఎక్కిన అత్తగారు

ఆ పేట పిల్లలందరికీ అతను ఐసు బాబాయి. ఒక చిన్న వ్యాను, దాని వెనక ఐస్‌క్రీం పెట్టె, పైన గరాటులాంటి మైకు అతని ఆస్తి. బండి మలుపు తిరగకముందే మైకులోంచి పాట వచ్చేది. పాట చెవిన పడిందా, పిల్లలు తింటున్న కంచాలు వదిలేసి వీధిలోకి పరుగు. తల్లులు తిట్టుకుంటూ వెనకే వచ్చి, "నాకూ ఒకటివ్వు బాబాయ్, మావారికి చెప్పకు" అనేవాళ్లు.

ప్రపంచాన్నంతా చుట్టబెట్టిన జబ్బు ఆ పేటకూ వచ్చింది. చల్లటివి తింటే అది అంటుకుంటుందని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఎవరికీ తెలియదు గానీ అందరూ నమ్మారు. బండి దుప్పటి కప్పుకుని గోడవారన నిలబడిపోయింది. బాబాయి ఇంట్లో కూర్చుని వంట నేర్చుకున్నాడు. భార్య ఆస్పత్రిలో రోగుల దుప్పట్లు ఉతికే పని చేసేది కాబట్టి ఇల్లు గడిచింది.

కానీ ఆ పనే ఆమెను వీధికి దూరం చేసింది. పైవాటాలో ఉండే లెక్కల మాస్టారు, ఉద్యోగం నుంచి రిటైరైన ఒంటరి మనిషి, ఆమె పని దిగి వచ్చే వేళకు బాల్కనీలో కాపు కాసేవాడు. "అమ్మాయ్, ముందు గేటు ముట్టుకోకు. వెనకనుంచి పో." నాలుగు రోజుల్లో పేటంతా మాస్టారి దారే పట్టింది. కూరగాయలమ్మి సంచీ ఆమె చేతికివ్వకుండా నేలమీద పెట్టి వెనక్కి జరిగేది. ఆమె మాట్లాడకుండా తీసుకునేది. మాట్లాడింది వాళ్లమ్మ, అంటే బాబాయి అత్తగారు. ఆవిడ గొంతు అసలే గట్టిది. గుమ్మంలో నిలబడి పైకి చూస్తూ, "మా పిల్ల ఉతికిన దుప్పట్లమీద పడుకునేగా మీ తమ్ముడు బతికి బయటపడ్డాడు మాస్టారూ!" అని అరిచేది. పైన కిటికీ టపీమని మూసుకునేది.

టీకా వచ్చింది. బడిలో శిబిరం పెట్టారు. నర్సమ్మకు సాయంగా బాబాయి భార్యను వేశారు. ఒకరోజు మధ్యాహ్నం అక్కణ్నుంచి ఫోను.

"ఏమండీ, ఏం చేస్తున్నారు?"

"ఉల్లిపాయలు తరుగుతూ ఏడుస్తున్నా."

"ఏడుపు తర్వాత. ముందు బండి తీయండి. పొద్దున జనం బాగా వస్తున్నారని సీసాలు తెరిచారు. ఒకావిడ ఎండకు కళ్లు తిరిగి కూలబడింది. నీళ్లు తాగి లేచి ఇంటికెళ్లింది కూడా. ఈలోపు సూది పడి పోయిందని పుకారు పుట్టింది. వరుసంతా ఖాళీ! తెరిచిన సీసాలు సాయంత్రందాకే పనికొస్తాయట, ఆ తర్వాత పారబోయడమే."

"ఆటోలో మైకు పెట్టి పిలవచ్చుగా?"

"పిలిచారు. ఇన్నాళ్లూ వీధులు మూసేస్తున్నామని చెప్పిన గొంతేగా అది! వినగానే గడియలు పెట్టుకున్నారు. మీ పాట వేయండి."

బాబాయి కత్తి పక్కన పడేశాడు. ఒక్క ఉదుటున బయటికొచ్చి దుప్పటి లాగేశాడు. తాళం తిప్పితే బండి మూలిగి ఊరుకుంది. ఇన్నాళ్లు పడుకున్న బండి, బ్యాటరీ చచ్చింది. అత్తగారు కొంగు బిగించి వెనక నిలబడింది. నెట్టితే కదలలేదు. పైన మాస్టారు తొంగి చూస్తున్నాడు.

"చూసింది చాలు మాస్టారూ, దిగొచ్చి ఓ చెయ్యి వెయ్యండి!"

ఆ కేకకు మాస్టారు నిజంగానే దిగివచ్చాడు. బండికి చెయ్యి తగలకుండా జేబురుమాలు అడ్డం పెట్టుకుని నెట్టాడు. పల్లంలో బండి దగ్గి, తుమ్మి, గర్జించింది. అత్తగారు పరుగున వచ్చి ముందు సీట్లోకి ఎక్కింది.

"మీరెక్కడికి అత్తయ్యా?"

"ముందు బడికి పోనివ్వు. సూది వేయించుకుని తిరిగే మనిషిని చూపించకపోతే నీ పాట ఎవరు నమ్ముతారు?"

సూది పడింది. కాసేపు కూర్చోమంటే ముళ్లమీద కూర్చున్నట్టు కూర్చుని, నర్సమ్మ తల ఊపగానే లేచింది. బండి మొదటి వీధిలోకి తిరిగింది. పాట మొదలైంది.

ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. తర్వాత ఎక్కడో ఒక గడియ తీసిన శబ్దం. ఇంకొకటి. అంతే, వీధి వీధంతా తలుపులు! ఇన్ని నెలలు గోడలమధ్య పెరిగిన పిల్లలు, పొట్టివైపోయిన చొక్కాలతో, కేకలు పెడుతూ దూకారు. వెనక తల్లులు, తండ్రులు, ముసలివాళ్లు. బాబాయికి స్టీరింగు కనబడలేదు, కళ్లనిండా నీళ్లు.

"ఐసేదీ?" అని పిల్లలు పెట్టె మూత తట్టారు.

అత్తగారు సీటు పక్కనున్న చేతిమైకు లాక్కుంది. "ఐసు తర్వాతరా! ముందు మీ అమ్మానాన్నల్ని బడికి తోలుకెళ్లండి! ఇదిగో, నాకు సూది వేశారు. పోయినట్టున్నానా?"

"నీ గొంతు వింటే పోయేది మేమే పెద్దమ్మా!" అన్నారెవరో. వీధి గొల్లుమంది. మనుషులు కలిసి నవ్వి ఎన్నాళ్లయిందో! నవ్వినవాళ్లే చెప్పులు వేసుకున్నారు. ఒక వీధి కదిలితే పక్క వీధి ఆగలేదు. బండి ముందు, పిల్లలు పక్కన, పెద్దలు వెనక. బడి వరండా నిండింది, ఆవరణ నిండింది. నర్సమ్మకు తల ఎత్తే తీరిక లేదు.

పొద్దు వాలుతుండగా చివరి సీసాలో ఒక్కరికి సరిపడా మిగిలింది. గేటు దగ్గర మాస్టారు నిలబడి ఉన్నాడు. లోపలికి రాడు, వెళ్లడు. బాబాయి భార్య అతని దగ్గరికెళ్లింది.

"నాకు చిన్నప్పట్నుంచీ సూదంటే భయం అమ్మాయ్. ఎవరితోనూ అనకు."

ఆమెకు కోపం ఉంది. నవ్వూ వచ్చింది. చెయ్యి చాచింది. మాస్టారు ఆ చేతిని చూశాడు, పట్టుకున్నాడు, సూది దిగేదాకా వదల్లేదు.

"రేపట్నుంచి ముందు గేటునుంచే వస్తాను మాస్టారూ."

"రామ్మా. నేనే తీస్తాను."

అందరూ ఒక్కరోజులో మారిపోలేదు. కూరగాయలమ్మి మరికొన్నాళ్లు సంచీ నేలమీదే పెట్టింది. కానీ మర్నాడు తెల్లారేసరికి పక్క పేట శిబిరంనుంచి బండి కావాలని కబురొచ్చింది. లోపల అత్తగారికి జ్వరం, భుజం వాచింది, రెండు దుప్పట్లు కప్పుకుని మూలుగుతోంది. బాబాయి తాళం తీయడం వినబడగానే లేచి కూర్చుంది.

"అల్లుడూ! ఆ పేటవాళ్లకు కాస్త చెముడు. మైకు గట్టిగా పెట్టు!"