చిన్నాయిన చేతికే పలికిన కారు

మా చిన్నాయిన పోయిండు. నెల్లికుదురుల, చుట్టుపక్కల తండాలల్ల ఆయనను ఎరుగనోళ్లు లేరు. దూరాన ఉండి ఇంకా వినని వాళ్ల కోసం రాస్తున్న. పోయిన వారం, బస్సులు బందై, మానుకోట తొవ్వ మీద జనం తెలంగాణ కోసం వంటావార్పు పెట్టుకున్న నాడు పోయిండు.

ఆయన కారు ముగ్గురి చేతులు మారి వచ్చింది. ఇంటి ముందర ఆపిన నాడే దాని పని అయిపోయిందని మొఖం మీదనే నవ్విన. "బండి పాతదైతే ఏంది బిడ్డా, సూసుకునేటోడుండాలె" అన్నడు. ఏండ్లు గడిచినా అది తిరుగుతనే ఉంది. నా నవ్వే పాతదైంది.

పొద్దుగాల చాయ తాగకముందే బానెట్ ఎత్తి, పాత బనీన్ గుడ్డతోటి తుడిచి, ఆయిల్ సూసేటోడు. "నాకు జెరమొస్తె నుదురు ముట్టడు గని, దాని బానెట్ మీద మాత్రం చెయ్యేసి సూస్తడు" అని చిన్నమ్మ నిష్ఠూరమాడేది. "నీకు నోరుంది, చెప్తవు. అది చెప్పలేదు గదా" అని నవ్వేటోడు.

డీజిల్ పైపుల గాలి చేరుడు దాని రోగం. చేరిందంటే స్టార్టు గాదు. చిన్నాయిన లోపటి చిన్న పంపు ఒత్తి, ఒక నట్టు జర వదులు చేసి, బుడగలు పోయినంక బిగించేటోడు. ఎంత ఒత్తాలె, ఎప్పుడు బిగియ్యాలె, ఆయన వేళ్లకే ఎరుక. నేర్పుమంటే, "నేనున్న గదా, మీకెందుకు పరేషాన్" అనేటోడు. గా మాట యాదికొస్తే ఇప్పటికీ కోపమొస్తది.

బస్సులు ఆగినంక ఆ కారే అందరికీ దిక్కైంది. తండా నుంచి పురిటి నొప్పులు పడుతున్న ఒకామెను మానుకోట దవాఖానకు చేర్చిండు. రోడ్డు మీద బైఠాయించిన పోరగాళ్లు కారును దూరం నుంచే గుర్తువట్టి లేచి దారిచ్చేటోళ్లు. తిరిగొచ్చేటప్పుడు ఆయన కూడ వాళ్ల పక్కన కూసుని నాలుగు బుక్కలు తినేటోడు.

ఆ వంటావార్పు నాడు పొద్దుగాల ఆయనకే ఛాతిల నొప్పి లేసింది. అంబులెన్సు ఇంకో దిక్కు పోయిందన్నరు. ట్రాక్టర్లన్నీ ర్యాలీకి పోయినయ్. బైకు మీద కూసునే పానం లేదు. వెనుక సీట్ల పండవెట్టి, తల నా ఒళ్లె పెట్టుకున్న. మా అన్న బానెట్ ఎత్తిండు. చిన్నాయిన కండ్లు మూసుకునే, "ఒత్తు... ఇంక ఒత్తు... ఇగ బిగియ్యి" అన్నడు. ఇంజను దగ్గి ఆగింది. మల్ల ఒత్తిండు. మల్ల ఆగింది. "గట్ల కాదు బిడ్డా" అన్నడు. చూపిద్దామని చెయ్యి ఎత్తబోయిండు, లేవలే.

ఇగ వెనుక నుంచి నూకుడే అన్నరు వాడకట్టోళ్లు. అన్న మానుకోట దిక్కు స్టీరింగు పట్టిండు. ఊరు దాటినం, స్టార్టు గాలే. వంటావార్పు కాడోళ్లు సూసి, గిన్నెలు పొయ్యిల మీదనే ఇడిసిపెట్టి ఉరికొచ్చి చేతులేసిండ్రు. ఒక్కలు కూడ నినాదం ఇయ్యలే. వాళ్ల ఊపిరే వినవడుతుంది.

కొంత దూరం పోయినంక నా ఒళ్లె తల బరువైంది. నాకు తెలిసింది. అన్న అద్దంల నా మొఖం సూసిండు, అన్నకూ తెలిసింది. అయినా బ్రేకు తొక్కలే. వెనుక నుంచి ఎవరో పెద్దాయన, "ఎక్కువ దూరం లేదు, నూకుండ్రి, నూకుండ్రి" అంటున్నడు. ఆగుండ్రి అనే మాట నా నోట్లె నుంచి రాలే. కారు మెల్లగ పోతనే ఉంది.