పెద్దమ్మ ఫిర్యాదు

ఉద్యోగానికి విశాఖపట్నం వచ్చాక నాకు ఎక్కువగా గుర్తొచ్చేవి చోడవరంలో పెద్దమ్మ అరుగు మీద గడిచిన మధ్యాహ్నాలు. ఆమె మిషను కుడుతుంటే నేను పక్కన కూర్చుని జాకెట్లకు హుక్కులు కుట్టేదాన్ని. ఎవరైనా కొలతలివ్వడానికి వస్తే పుస్తకంలో తల దూర్చేసేదాన్ని.

"ఈ గుంటకి నోరుందా లేదా?" అనేది ఎదురింటి అత్త.

"ఉంది, అన్నానికే తెరుస్తాది," అనేది పెద్దమ్మ.

ఒక పండగ ముందు ఆ అత్తే అమ్మవారికి పెట్టే చీరకు ఫాల్ వేయమని తెచ్చింది. పెద్దమ్మ కుడుతుండగా వీధి చివరింటాయన వచ్చాడు. "చర్చికెల్లే మీ కులపోల్లు అమ్మవారి చీర ముట్టుకుంతారా?" అంటూ చీర లాక్కుని, కులం పేరుతో ఒక బూతు మాట తిట్టి, మిషనును కాలితో తన్నేశాడు. అత్తా నేనూ అక్కడే ఉన్నాం.

అత్త స్టేషనుకెళ్దామంది. "ఆడిని క్షమించీసేను. ఇంక కంప్లయింటిస్తే క్షమించినట్టేటి?" అంది పెద్దమ్మ. మర్నాడు మిషను వంటింట్లోకి చేరింది. తలుపేసుకుని కుట్టింది. ఎవరు పిలిచినా ఉలిక్కిపడింది.

ఆ సాయంత్రం అత్త వచ్చింది. "క్షమించుకో వొదినా, ఎవులొద్దన్నారు? మరి తలుపెందుకేసుకున్నావు? రేపు ఆడు ఇంకో ఇంటి మీదకెల్తాడు. నాను సూసేను. నువ్వొచ్చినా రాకపోయినా టేషనుకెల్లి సెప్తాను."

 పెద్దమ్మ లేచి, ఆదివారం చర్చికి కట్టే చీర కట్టుకుంది.

స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్, "ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పాలమ్మా," అన్నాడు.

అత్త నోరు తెరిచి ఆగిపోయింది. "ఈవిడ ముందు ఆ మాట నా నోటంట ఎలాగొస్తాది బాబూ?"

ఆయన నా వైపు చూశాడు. నేను తల దించేసుకున్నాను.

పెద్దమ్మ మా ఇద్దరినీ చూసి నవ్వేసింది. "అన్నోడికి లేని సిగ్గు మీకెందుకే?" అని, ఆ మాట తనే చెప్పింది. అక్షరం వదలకుండా, తల దించకుండా.

"నువ్వూ విన్నావా అమ్మా?" అని నన్నడిగాడాయన.

"విన్నానండీ. చూశాను కూడా," అన్నాను. అత్త తర్వాత నేనూ సంతకం పెట్టాను.

ముగ్గురం నడిచే ఇంటికొచ్చాం. పెద్దమ్మ దారంతా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. ఆ మాటలు వినాలనే సెలవు దొరికితే ఇప్పటికీ చోడవరం బస్సెక్కుతాను.