కండువా కింద నాలుగో వేలు

సోమవారం బడి గంట వేళ కాకముందే మోగింది. హెడ్‌మాస్టరమ్మ తరగతి గుమ్మంలో నిలబడి, "మీ మామ పోయినాడంట అమ్మా. పిల్లల్ని ఇండ్లకు పంపించు," అన్నారు. పిల్లలు లేచి పోయాక నేను గది చుట్టూ చూశాను. ఆ గది ఒకప్పుడు ఆయన చింతపండు గోదాము.

ఆయన మా అమ్మకు తమ్ముడు. కర్ణాటకలో, ఆంధ్ర సరిహద్దు దగ్గరి బాగేపల్లిలో మండీ నడిపిన వ్యాపారి, తర్వాత మా ఎమ్మెల్యే. మండీలో ధర పైకి చెప్పరు. కండువా కింద చేతులు కలిపి, ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత. ఆ అలవాటు మామ ఒంట్లో ఎంత ఇంకిపోయిందంటే, ఇంకో రాగిముద్ద కావాలన్నా అత్త చెయ్యి మీద కండువా వేసి ఒక వేలు పట్టుకునేవాడు. "నోరుండాది కదా, అడగరాదా!" అని అత్త కసురుకునేది.

ఆయన ఎమ్మెల్యే అయిన ఏడే నేను ఏడో తరగతి పాసై ఇంట్లో కూర్చున్నాను. ఆడపిల్లలకు మా ఊళ్లో అంతకు మించి బడి లేదు. అమ్మ సంబంధాలు వెతకడం మొదలుపెట్టింది. నేను పోయి మామ దగ్గర ఏడ్చాను. ఆ వారమే నన్ను వెంటబెట్టుకుని, మా ఊరికి ఆడపిల్లల హైస్కూలు కావాలని చదువుల మంత్రిగారిని అడగడానికి బెంగళూరు బస్సెక్కాడు.

తీరా మంత్రిగారి పక్కన కూర్చున్నాక మామకు నోరు పెగల్లేదు. అలవాటు చొప్పున కండువా తీసి ఆయన చేతి మీద కప్పి, మూడు వేళ్లు పట్టుకున్నాడు. ఎనిమిది, తొమ్మిది, పది, మూడు తరగతులు కావాలని. మంత్రిగారికి అది లంచం బేరంలా తోచింది. చెయ్యి విదిలించుకుని, "ఏనప్పా ఇదు? హొరగె హోగి!" అని బయటికి పొమ్మన్నారు.

వరండాలో మామ కళ్లలో నీళ్లు చూశాను. "నన్ను దొంగనుకున్నాడు పాపా. అడగడం చేతగాక నీ చదువు పాడు చేస్తిని."

కాసేపటికి కండువా నా చేతిలో పెట్టి, వట్టి భుజాలతో మళ్లీ లోపలికి పోయాడు. అక్కడున్న పదిమందికీ కనబడేలా మూడు వేళ్లెత్తి, "మూరు తరగతి స్వామి, నమ్మ హెణ్ణుమక్కళిగె," అన్నాడు. మా ఆడపిల్లల కోసం అని. బడికి కట్టడం ఏదని మంత్రిగారు అడిగితే, తన గోదాము ఉందన్నాడు. మంత్రిగారు ఆయన వంక చూసి చూసి, నవ్వేసి, సరేనన్నారు.

గోదాములో బడి పెట్టిన మొదటి ఏడాదంతా మా పుస్తకాలు, జడలు కూడా చింతపండు వాసనే. చదివిన చోటే నేను పంతులమ్మనయ్యాను. మామ గొప్ప ఉపన్యాసకుడేమీ కాలేదు. "మంచిదానికి ముసుగెందుకు పాపా, నలుగుర్లో అడుగు," అనేవాడు, అంతే.

పోయిన నెల పక్షవాతంతో ఆయనకు మాట పడిపోయింది. చూడబోయి, ఊరికే ఏదో ఒకటి మాట్లాడాలని, "పదో తరగతి అయినాక మన ఆడపిల్లలంతా ఇండ్లల్లోనే కూర్చుంటాండారు మామా. కాలేజీకి చిక్కబళ్లాపురం దాకా ఎవరు పంపిస్తారు?" అన్నాను. ఆయన దుప్పటి కొన నా చేతి మీదికి లాగాడు. కింద మూడు వేళ్లు పట్టుకున్నాడు. కాస్త ఆగి నాలుగోదీ పట్టుకున్నాడు.

"కాలేజీనా మామా?"

గట్టిగా నొక్కాడు. నాకు ఏడుపాగలేదు.

మామ దినాలు ముగిశాయి. రేపు కాలేజీ అడగడానికి ఇప్పటి మంత్రిగారి దగ్గరికి పోతున్నాను. పది పాసైన పిల్లలు ఇద్దరు నా వెంట వస్తున్నారు. అత్త ఆయన కండువా తెచ్చి, "తోడుగా తీసుకుపో," అంది. కళ్లకద్దుకుని, మళ్లీ ఆయన తగిలించే చిలక్కొయ్యకే తగిలించాను.

రేపు నా నాలుగు వేళ్లూ అందరికీ కనబడాలి.