గాలి తీయని బ్రేకు

లోకో షెడ్డులో ఫిట్టరైన సన్యాసిరావు తన పాత ఫియట్‌ను ఏనాడూ మెకానిక్కు చూపించలేదు. రైలింజన్లు విప్పి బిగించేవాడు కారు రిపేరుకు డబ్బు తగలేస్తాడా అనేవాడు. 1992 వానాకాలంలో బ్రేకు గొట్టం కారుతుంటే, ఊళ్లోని సదర్ బజార్‌లో కొత్తది కొని ఓ పొద్దున్న తనే మార్చాడు. గొట్టంలో చేరిన గాలిని తీసేస్తేగాని బ్రేకు పడదు. షిఫ్టుకు వేళవడంతో ఆ పని సాయంత్రానికి వదిలేశాడు.

మధ్యాహ్నం భోజనానికి వస్తే క్వార్టర్ ముందు కారు లేదు.

"పక్కింటి అమ్మన్న బావగారు కూతురికి నొప్పులొచ్చినాయని వచ్చినారు. కారు చాబీ ఇచ్చీసినాను," అంది భార్య ఉషారాణి.

అతను వెంటనే సైకిలెక్కాడు. ఆసుపత్రి మలుపులో కారు ఇసుక గుట్టలోకి దూసుకుపోయి ఉంది. పక్కనే అమ్మన్న నుదుటికి తువ్వాలు అదుముకుని కూర్చున్నాడు.

"పిల్లేది అన్నా?"

"దానికేటీ అవలేదు. వాళ్లమ్మ రిక్షాలో తీసుకెళ్లింది. ఎంత తొక్కినా బ్రేకు పడలేదురా."

"తప్పు నాదే. గాలి తియ్యకుండా డ్యూటీకి పోయినాను."

అమ్మన్న తువ్వాలు మడత మార్చి మళ్లీ నుదుటికి అదుముకున్నాడు. "నువ్వు బాగుచేసిన బండి కదా అని, ఇంకేటీ ఆలోచించకుండా పిల్లని ఎక్కించీసినాను," అన్నాడు.

తిట్టినా సన్యాసిరావుకు అంత బాధనిపించేది కాదు.

సాయంత్రం ఆడపిల్ల పుట్టింది. చూడబోయిన సన్యాసిరావు, బిడ్డను ఎత్తుకోమని అమ్మన్న భార్య అందించినా, చేతులు చాపలేకపోయాడు.