ఫీజు కట్టినవాళ్లెవరూ తప్పలేదు

రిటైరయ్యే ముందు మూడేళ్లు మా దీవిలో హార్బర్ దాటి హోప్ టౌన్ వైపు తిరిగే ఫెర్రీకి నేను మాస్టర్‌ని. మాస్టర్ అంటే పడవ మీద ఆఖరి మాట చెప్పేవాడు. అతని కింద చుక్కాని పట్టే సారంగు, ఇంజన్ డ్రైవరు, తాళ్లు లాగే లస్కర్లు ఉంటారు. ఆ హోదా చూసే మా మాస్టర్ల సంఘం నన్ను శిక్షణ కమిటీకి అధ్యక్షుణ్ణి చేసింది.

అంతవరకు శిక్షణ అంటే ఆదివారం ఉదయం వండూర్ జెట్టీ దగ్గర, టూరిస్టు పడవలు నడిపేవాళ్లకి ఉచితంగా నేర్పడం. నీళ్లలో పడ్డవాళ్లకి, పట్టుకుని తేలే రింగు విసిరేముందు దాని తాడు కొసను పడవకు కట్టాలి, లేదా కాలికింద తొక్కిపెట్టాలి. ఈ ఒక్క ముక్క ఒంటబట్టేదాకా మళ్లీ మళ్లీ విసిరించేవాళ్లం.

కొత్త కార్యదర్శికి ఇందులో లోపం కనిపించింది. ఊరికే ఇచ్చేదాన్ని ఎవరూ గౌరవించరనీ, లాభాపేక్ష లేదంటే రాబడి వద్దని అర్థం కాదనీ సర్వసభ్య సమావేశంలో వివరించాడు. తప్పేమీ అనలేదు. నేనూ చెయ్యెత్తాను.

ఫీజు పెట్టిన కోర్సు ఊళ్లో అబర్డీన్ బజార్లో ఒక హోటల్ ఏసీ హాల్లో మొదలైంది. ఫోల్డరు, పెన్ను, మధ్యాహ్నం బిర్యానీ. సముద్రాన్ని తెర మీద చూపించాం. రింగు అరువుకి తెచ్చింది కనుక ప్లాస్టిక్ కవరు విప్పలేదు. పడవ ఆపితే రోజు కూలి పోతుందని నడిపేవాళ్లు రాలేదు. ఓనర్లు వాళ్లకి బదులు టికెట్ కౌంటర్ గుమాస్తాలను పంపారు. ఆదివారాల్లో అందరికన్నా గురిగా రింగు విసిరే వండూర్ జాలరి పోలయ్య గుమ్మం దాకా వచ్చి, ఫీజు ఎంతో విని వెళ్లిపోయాడు.

పరీక్షలో ప్రకాష్ అనే గుమాస్తా తాడు సంగతే రాయలేదు. ఫెయిల్ చేస్తానన్నాను. కార్యదర్శి పక్కకు పిలిచాడు.

"మాస్టర్ గారూ, ఫీజు కట్టినోణ్ణి ఫెయిల్ చేస్తే అగ్‌లా బ్యాచ్‌కి ఎవరొస్తారు? జరా సోచియే."

ఆలోచించాను. సంతకం పెట్టాను.

సర్టిఫికెట్ ఉందని ఓనరు ప్రకాష్‌ని సేఫ్టీ ఆఫీసరుగా పడవెక్కించాడు. ఒకరోజు వండూర్‌లో పడవ జెట్టీ వదులుతుండగా, ఇంకా లైఫ్ జాకెట్ బకిల్ పెట్టుకోని ఒక పెద్దావిడ జారి నీళ్లలో పడింది. ప్రకాష్ క్షణం ఆలస్యం చేయకుండా రింగు విసిరాడు, తాడుతో సహా. రెండూ కలిసి ఆవిడకు అందనంత దూరం కొట్టుకుపోయాయి. పక్కన వల సర్దుకుంటున్న పోలయ్య దూకి, మునుగుతున్న ఆవిణ్ణి మెట్ల మీదికి చేర్చాడు. ఆవిడ బతికింది.

మర్నాడు పోలయ్యని చూడబోయాను. ప్రకాష్ కంగారుపడ్డాడా అని అడిగాను.

"నేదు మాస్టర్ గోరూ. తవరు సెప్పినట్టే సేసినాననుకున్నాడు," అన్నాడు.



సంఘం అత్యవసరంగా సమావేశమైంది. తాడు పట్టుకోవడం మీద ప్రత్యేక కోర్సు, విడి ఫీజుతో పెట్టాలని కార్యదర్శి ప్రతిపాదించాడు. పోలయ్య చేత నేర్పిద్దామన్నాను. బోధకులకు మన సర్టిఫికెట్ తప్పనిసరని నిబంధన చూపించారు. చివరికి పరీక్ష జెట్టీ మీదే జరగాలని పట్టుబట్టి సాధించాను. అలా జరిగిన మొదటి బ్యాచ్‌లో చాలామంది తప్పారు. తర్వాతి బ్యాచ్‌కి ప్రకాష్ ఒక్కడే వచ్చి, మూడో విసురుకి నెగ్గాడు. సంఘం నాకు శాలువా కప్పి కమిటీ నుంచి తప్పించింది.

సంఘాలు శిక్షణ అమ్ముకోవచ్చు. ఆఫీసు అద్దె సేవాభావంతో తీరదు. కాని ఫీజు తీసుకునేవాళ్లూ మార్కులు వేసేవాళ్లూ ఒకరే కాకూడదు. మా దగ్గర ఒకరే అయ్యారు, సర్టిఫికెట్ మీద సంతకం నాది.