ఛాతీ బెల్టు ముడి

ఇంట్లో ఎవరైనా దెయ్యం కబుర్లు మొదలుపెడితే లేచి బయటికి పోయే రకం నేను. అందుకే ఇది చెప్పాలంటే నాకే చిరాకుగా ఉంది.

కావలి దగ్గర ఒక షెడ్డులో అంబులెన్సు పనివాళ్ళకు స్ట్రెచర్ పట్టడం నేర్పుతాను. నా తలనొప్పల్లా బెల్టులే. ఎంత మొత్తుకున్నా రోగికి కట్టరు. "బతికుండే మనిషిని పాడె మీద కట్టినట్టు కడితే ఇంట్లోవాళ్ళు ఊరుకుంటారా సార్?" అని నన్నే అడుగుతారు.

బోగోలు వైపు ఎండుచేపలు అమ్ముకునే పోలమ్మను మావాళ్ళు అలాగే బెల్టు లేకుండా అంబులెన్సులోంచి దించబోయి పడేశారు. ఆమె మళ్ళీ లేవలేదు. అప్పటికీ వీళ్ళకు బుద్ధి రాలేదంటే కడుపు మండదా?

ఒక మధ్యాహ్నం రోగిలా పడుకోమంటే ఎవరూ ముందుకు రాలేదు. అపశకునమట. విసుగొచ్చి నేనే పడుకున్నాను. తలవైపు శీనయ్య, కాళ్ళవైపు మస్తాన్. మిగతావాళ్ళు గోడ పక్కన నిలబడ్డారు. కాళ్ళ బెల్టు మస్తాన్ మొక్కుబడిగా పెట్టాడు. ఛాతీ బెల్టుకు బకిల్ విరిగిపోయి చాలా రోజులైంది. కొత్తది పంపమని ఆఫీసుకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

కళ్ళు మూసుకున్నాను. ఛాతీ మీద బెల్టు గట్టిగా బిగిసింది. ఎండుచేపల వాసన వచ్చింది. సముద్రం పక్క ఊళ్ళు, ఆ వాసన మామూలే. శీనయ్యకు ఇన్నాళ్ళకు తెలివొచ్చిందని సంతోషపడ్డాను కూడా.

అంబులెన్సు బండి దాకా తోశారు. చక్రాల కాళ్ళకు లాక్ పడిందో లేదో చూడకుండానే మస్తాన్ లాగాడు. ఒకవైపు కాళ్ళు మడుచుకుపోయి స్ట్రెచర్ ఒరిగిపోయింది. నా తల గచ్చుకు జానెడు ఎత్తులో ఆగింది. ఆపింది ఆ ఛాతీ బెల్టే.

నిలబెట్టాక ముందు మస్తాన్‌ను తిట్టాను. తర్వాత శీనయ్యను మెచ్చుకున్నాను. అతను తెల్లమొహం వేశాడు.

"నేనేడ కట్టినా సార్? నా రెండు చేతులూ పిడి మీదనే ఉండాయి."

గోడ దగ్గర నిలబడ్డవాళ్ళూ అదే మాట అన్నారు. బెల్టు కొసలు రెండూ కలిపి ముడేసి ఉన్నాయి. ఎవరికీ విప్పడం చేతకాలేదు. శీనయ్యది బోగోలే. వంగి చూసి గొంతు తగ్గించాడు.

"ఇది మా ఆడోళ్ళు చేపల గంపకేసే ముడి సార్. నాకు రాదు."

చివరికి కత్తిరించారు.

ఆ రోజు నుంచి ఒక్కరూ బెల్టు మరవలేదు. నాకు ఒళ్ళు మండేది కూడా దానికే. గొంతు పోయేలా నేను అరిచినప్పుడు వింటే పోలమ్మ బతికేది కదా.

ఆ ముడి నా బీరువాలో ఉంది. ఎలా పడిందో ఇప్పటికీ తెలియదు. ఆమెకు మావాళ్ళు కట్టలేదు, నాకు ఆమె కట్టింది అన్న ఆలోచన వచ్చిన రోజు మాత్రం అన్నం సయించదు.